2004 మేలో కేంద్రంలో ప్రభుత్వం మారినప్పుడు ఎవరెలా స్పందించారు? తరచుగా అడిగే ప్రశ్నలు

వాజ్‌పేయి ప్రభుత్వం ఓడి మన్మోహన్ సింగ్ ప్రమాణం చేసేదాకా నడిచిన ఆ కొద్ది రోజుల గురించి విద్యార్థులు, పోటీ పరీక్షలవాళ్లు, పాత పేపర్లు తిరగేసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. ఆ రోజుల్లో గట్టిగా వినిపించిన గొంతులు వేరు, ఓటేసిన జనం వేరు. ఈ రెండూ కలిపేస్తేనే చాలా సందేహాలు పుడతాయి.

ముందు తేదీలు చెప్పండి. ఏది ముందు, ఏది వెనుక?

2003 డిసెంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ గెలిచిన ఊపులో బీజేపీ ముందస్తుకు వెళ్లింది. 2004 ఫిబ్రవరి 6న లోక్‌సభ రద్దయింది. ఏప్రిల్ 20 నుంచి మే 10 దాకా విడతలుగా పోలింగ్ జరిగింది. మే 11న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్లు లెక్కించారు. మే 13న లోక్‌సభ ఓట్లు లెక్కించారు, ఆ రోజే వాజ్‌పేయి రాజీనామా ఇచ్చారు. 14న హైదరాబాద్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 17న స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 18న సోనియా గాంధీ ప్రధాని పదవి వద్దన్నారు. 19న మన్మోహన్‌ను రాష్ట్రపతి కలాం ఆహ్వానించారు. 22న రాష్ట్రపతి భవన్‌లో ప్రమాణ స్వీకారం. 27న కూటమి పక్షాలు కలిసి ఒప్పుకున్న పాలనా పత్రం, కనీస ఉమ్మడి కార్యక్రమం, విడుదలైంది.

13కీ 22కీ మధ్య 9 రోజుల ఖాళీ ఉంది. స్పందనలన్నీ ఆ ఖాళీలోనే ముసురుకున్నాయి.

ఫలితం మధ్యాహ్నానికే తేలిపోయిందంటారు. అంత త్వరగా ఎలా?

దేశమంతటా అన్ని స్థానాల్లోనూ ఓటింగ్ యంత్రాలు వాడిన మొదటి సార్వత్రిక ఎన్నిక అదే. అంతకుముందు బ్యాలెట్ పత్రాలు కలిపి, కట్టలు కట్టి లెక్కించేసరికి రెండు మూడు రోజులు పట్టేది. ఆధిక్యాలు మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఉంటే పార్టీలవాళ్లూ మెల్లగా సర్దుకునేవారు. 2004లో పొద్దున టీవీ పెట్టినవాళ్లకు భోజనాల వేళకు కథ అర్థమైపోయింది. ఓడిన పక్షం నివ్వెరపోవడానికీ గెలిచిన పక్షం తడబడటానికీ ఈ వేగం కొంత కారణం. ఆ పొద్దుటికి కాంగ్రెస్ చేతిలో మిత్రపక్షాల మద్దతు లేఖలు కూడా పూర్తిగా లేవు.

మే 11న హైదరాబాద్ ఫలితానికి దేశమంతా ఎందుకు ఉలిక్కిపడింది?

రెండు కారణాలున్నాయి. ఒకటి లెక్క. 1999లో తెలుగుదేశానికి 29 మంది ఎంపీలు వచ్చారు, వాజ్‌పేయి ప్రభుత్వం వాళ్ల మద్దతు మీద ఆధారపడి నడిచింది. ఆ దన్ను పోతే ఢిల్లీలో లెక్క తప్పుతుందని లోక్‌సభ పెట్టెలు తెరవకముందే అందరికీ తెలిసిపోయింది. రెండోది పేరు. చంద్రబాబు నాయుడంటే హైటెక్ సిటీ, కంప్యూటర్లు, దావోస్ అని విదేశీ పత్రికలు రాస్తూ వచ్చాయి. 2003 అక్టోబరు 1న అలిపిరిలో మందుపాతర దాడి నుంచి బయటపడ్డాక సానుభూతి కూడా కలిసొస్తుందనుకుని ఆయన అసెంబ్లీని ముందే రద్దు చేశారు. తీరా చూస్తే 294లో తెలుగుదేశానికి దక్కినవి 47. కాంగ్రెస్‌కు 185, తెరాసకు 26, ఉభయ కమ్యూనిస్టులకు కలిపి 15 వచ్చాయి. లోక్‌సభలో 42కు తెలుగుదేశానికి 5 మాత్రమే మిగిలాయి, కాంగ్రెస్ 29 గెలిచింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. అసెంబ్లీకి కాంగ్రెస్‌కు పడ్డ ఓట్లు 38.56 శాతం, తెలుగుదేశానికి 37.59 శాతం. ఒక్క శాతం తేడాకు 138 సీట్ల తేడానా అని అడుగుతారు. కాంగ్రెస్ పోటీ చేసింది 234 చోట్లే, తెలుగుదేశం 267 చోట్ల. కాంగ్రెస్ వదిలిన స్థానాల్లో దాని ఓట్లు తెరాస, వామపక్షాల ఖాతాలో పడ్డాయి. కూటమి మొత్తంగా చూస్తే తేడా చాలా పెద్దది. పార్టీ పక్కన పార్టీ పెట్టి శాతాలు పోలిస్తే పొత్తు కనపడకుండా పోతుంది.

రాష్ట్రంలో జనం స్పందన ఎలా ఉంది?

ఎల్బీ స్టేడియంలో ప్రమాణం చేసిన వేదిక మీదే రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. కరెంటు బకాయిల మాఫీ కూడా వెంటనే ప్రకటించారు. 2003 ఎండాకాలంలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పటి నుంచీ ఆయన చెబుతూ వచ్చిన మాట అది. వరుస కరువులతో బోర్లు ఎండిపోయిన పల్లెల్లో ఆ సంతకాన్ని ఎవరూ రాజకీయ లాంఛనంగా చూడలేదు. కట్టాల్సిన బిల్లు సంగతిగా చూశారు.

ఉద్యోగులు, ఐటీ వర్గాలు, స్థిరాస్తి వ్యాపారుల్లో గుబులు కనిపించింది. కొత్త ప్రభుత్వం హైదరాబాద్‌ను పట్టించుకోదేమోనన్నది వాళ్ల భయం. తర్వాతి సంవత్సరాల్లో ఔటర్ రింగ్ రోడ్డూ శంషాబాద్ విమానాశ్రయమూ లేచాయి, ఆ భయం నిలబడలేదు.

ప్రభుత్వం మారిన వెంటనే రైతుల ఆత్మహత్యలు పెరిగాయన్నది నిజమేనా?

నమోదైన సంఖ్య పెరిగింది. దీన్ని జాగ్రత్తగా చదవాలి. 2004 జూన్ 1న జీవో 421 వచ్చింది. దాని ప్రకారం ఒక్కో కుటుంబానికి 1.5 లక్షల రూపాయలు: లక్ష కుటుంబ పునరావాసానికి, 50 వేలు అప్పులవాళ్లతో ఒకేసారి పరిష్కారానికి. సాయం ఉందని తెలిసేసరికి, అంతకుముందు పోలీసు స్టేషన్ దాకా వెళ్లని కుటుంబాలు కూడా బయటికి వచ్చాయి. కొత్త మరణాలు ఎన్ని, కొత్తగా లెక్కకెక్కినవి ఎన్ని అన్నది ఆ అంకెల్లోంచి విడదీయడం కష్టం. ‘సాయం ప్రకటించారు కాబట్టే చనిపోతున్నారు’ అని అప్పట్లో కొందరు అన్న మాట మాత్రం దారుణం, దానికి ఆధారమూ లేదు.

విచారణ రెండు అంచెలుగా సాగేది. మండలంలో ఎమ్మార్వో, ఎస్‌ఐ, వ్యవసాయాధికారి చూసేవారు. ఆపై డివిజన్‌లో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు నిర్ధారించేవారు. ఎక్కువగా ఆగిపోయింది కౌలు రైతుల కేసులు. పట్టాదారు పాసు పుస్తకం వాళ్ల పేరున ఉండదు, వడ్డీ వ్యాపారి ఇచ్చిన అప్పుకు కాగితం ఉండదు. అప్పు రుజువు లేదని ఫైలు వెనక్కి వచ్చేది.

మే 17న స్టాక్ మార్కెట్ ఎందుకంతలా పడింది?

మే 14 శుక్రవారమే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ సెన్సెక్స్ 329.61 పాయింట్లు పడి 5,069.87 దగ్గర ఆగింది. అప్పటికే వామపక్షాల నుంచి, ప్రభుత్వ సంస్థల్లో వాటాలు అమ్మే పెట్టుబడుల ఉపసంహరణ శాఖనే ఎత్తేయాలన్న మాటలు వచ్చాయి. 59 మంది ఎంపీలున్న వామపక్షాలు లేకుండా కొత్త ప్రభుత్వం నిలబడదు కాబట్టి, ప్రభుత్వ రంగ షేర్లు కొనుక్కున్నవాళ్లకు గుండె జారింది. శని, ఆదివారాలు ఆ భయం ఊరింది.

సోమవారం పొద్దున మార్కెట్ తెరిచిన కాసేపటికే సూచీ 10 శాతం పడింది, గంట ఆపారు. తెరిచాక 15 శాతం దాటింది, రెండు గంటలు ఆపారు. ఒక దశలో 842 పాయింట్ల నష్టం. చివరికి 564.71 పాయింట్లు కోల్పోయి 4,505.16 దగ్గర ముగిసింది, అంటే 11 శాతం పైన.

భయం ఒక్కటే అయితే అంత లోతుకు పోదు. అప్పు మీద కొన్న షేర్లు, ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి కుదుర్చుకునే బేరాల్లో) పెట్టుకున్న పొజిషన్లు దీన్ని ముదరబెట్టాయి. ధర పడగానే బ్రోకరు అదనపు మార్జిన్, అంటే హామీ సొమ్ము, అడుగుతాడు. శుక్రవారం నష్టానికి సోమవారం పొద్దుటికల్లా డబ్బు కట్టాలి. కట్టలేనివాడి షేర్లు బ్రోకరే అమ్మేస్తాడు. ఆ అమ్మకంతో ధర ఇంకా పడి, పక్కవాడికి మార్జిన్ కాల్ వెళుతుంది. విదేశీ సంస్థలూ అమ్ముతుండటంతో కొనేవాడే లేకుండా పోయాడు.

ఆగింది ఎలాగంటే, డబ్బు కొరత రానివ్వబోమని రిజర్వు బ్యాంకు ప్రకటించింది, దేశీయ సంస్థలు కొనడానికి దిగాయి, సంస్కరణలు ఆగవని మన్మోహన్, చిదంబరం వంటివాళ్లు పత్రికలకు చెప్పారు. మర్నాడు సెన్సెక్స్ 371.86 పాయింట్లు లేచింది. ఆ పడిపోవడం వెనుక కావాలని చేసిన అమ్మకాలున్నాయేమోనని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దర్యాప్తు చేసి 2005లో ఒక విదేశీ సంస్థ మీద ఆంక్ష విధించింది. అప్పీలు ట్రిబ్యునల్‌లో అది నిలవలేదు.

పెట్టుబడుల ఉపసంహరణ శాఖ సంగతి అడుగుతారు కాబట్టి: దాన్ని మే చివర్లోనే ఆర్థిక శాఖ కింద ఒక విభాగంగా మార్చేశారు.

అంటే మార్కెట్ పడటాన్ని ప్రజల స్పందన అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఆ ఎన్నికలో ఓటుహక్కున్నవాళ్లు 67 కోట్ల మందికి పైగా. అందులో షేర్లున్నవాళ్లు పిడికెడు.

ఇప్పుడూ ఫలితాల రోజున మార్కెట్‌ను అలాగే ఆపేస్తారా?

ఆపుతారు, కాకపోతే వ్యవధులు మారాయి. ఇప్పటి నిబంధనల ప్రకారం సూచీ 10 శాతం పడినా లేచినా, మధ్యాహ్నం 1 గంటలోపైతే 45 నిమిషాలు, 1 నుంచి 2.30 మధ్యయితే 15 నిమిషాలు ఆపుతారు. 2.30 తర్వాతైతే ఆపరు. 15 శాతమైతే 1 లోపు గంటా 45 నిమిషాలు, 1 నుంచి 2 మధ్య 45 నిమిషాలు, 2 తర్వాత ఇక ఆ రోజుకు మూతే. 20 శాతమైతే ఎప్పుడైనా సరే ఆ రోజుకు బంద్.

‘లేచినా’ అన్నది చాలామంది మరచిపోతారు. 2009 మే 18న కాంగ్రెస్ నేతృత్వంలోని యూపీఏ కూటమి మళ్లీ గెలిచిందని సెన్సెక్స్ 2,110.79 పాయింట్లు ఎగబాకి 14,284.21కి చేరింది, ఆ పెరుగుదలకే ట్రేడింగ్ ఆపేశారు. అయిదేళ్ల కిందట ఎవరు వస్తున్నారని బెంబేలెత్తారో, వాళ్లే మళ్లీ వచ్చారని పండగ! 2024 జూన్ 4న సెన్సెక్స్ 4,390 పాయింట్లు నష్టపోయినా 10 శాతం గీత దాటలేదు కాబట్టి ఎక్కడా ఆగలేదు. పాయింట్లు చూసి 2004 కన్నా పెద్ద పతనమనుకోవద్దు. 2024లో అది 6 శాతం కన్నా తక్కువే.

సోనియా గాంధీ ప్రధాని కావడానికి చట్టపరంగా అడ్డు ఉందా?

లేదు. లోక్‌సభకు పోటీ చేయాలంటే భారత పౌరులై ఉండాలని 84వ అధికరణం చెబుతుంది, పుట్టుకతో పౌరులై ఉండాలని చెప్పదు. ఆమె 1983లో పౌరసత్వం తీసుకున్నారు. దాని మీద వేసిన ఎన్నికల పిటిషన్లను 2001లో సుప్రీంకోర్టు నిలబెట్టలేదు. 2004లో జరిగిన గొడవ రాజకీయమే తప్ప న్యాయపరమైనది కాదు.

మరి నిరసనలు, ఏడుపులు ఎంతవరకు నిజం?

రెండు రకాలుగా జరిగాయి. ఆమె ప్రధాని అయితే గుండు గీయించుకుంటానని, తెల్లచీర కట్టి నేల మీద పడుకుని శనగలు తింటానని సుష్మా స్వరాజ్ ప్రకటించారు. మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఉమాభారతి రాజీనామాకు సిద్ధపడ్డారు. పదవి వద్దన్నాక మే 18న సీను తిరగబడింది. పార్లమెంటు సెంట్రల్ హాల్లో ‘నా అంతరాత్మ చెప్పింది విన్నాను’ అన్న అర్థంలో ఆమె మాట్లాడగానే కాంగ్రెస్ ఎంపీలు లేచి గంటల తరబడి బతిమాలారు, కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమె ఇల్లు పది జనపథ్ బయట కార్యకర్తలు రోడ్డు దిగ్బంధించారు. ఒక మాజీ ఎంపీ కారు మీదికెక్కి కణతకు పిస్టల్ ఆనించుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు కిందికి లాగారు. టీవీలన్నీ ఆ దృశ్యాన్నే తిప్పితిప్పి చూపించాయి.

రెండు వైపులా కనిపించినవాళ్లు ఎక్కువగా పార్టీలవాళ్లే. విదేశీ పుట్టుక మీద ఊళ్లు కదిలేంత ఉద్యమం అప్పటికి మొదలు కాలేదు, 18 తర్వాత దానికి పనీ లేకపోయింది. పైగా ప్రచారంలో బీజేపీ ఈ విషయాన్ని ఊరూరా వాడుకుంది, జనం విన్నాకే ఓటేశారు. కెమెరా పట్టుకున్నదాన్ని బట్టి దేశం మనసు చెప్పలేం.

కాంగ్రెస్ వైపు గాలి వీచిందా, లేక బీజేపీ మీద కోపమా?

రెండింటికీ అంకెలు పూర్తిగా ఒప్పుకోవు. 1999లో కాంగ్రెస్ ఓట్లు 28.30 శాతం, 2004లో 26.53. సీట్లు మాత్రం 114 నుంచి 145కు పెరిగాయి. బీజేపీ 23.75 నుంచి 22.16కు తగ్గింది, సీట్లు 182 నుంచి 138కి జారాయి. రెండు పెద్ద పార్టీలకూ ఓట్లు తగ్గాయి. తేడా తెచ్చింది పొత్తులు: తమిళనాడులో డీఎంకే, ఆంధ్రలో తెరాస, వామపక్షాలు, బిహార్‌లో ఆర్జేడీ. డీఎంకే బీజేపీ నేతృత్వంలోని ఎన్డీయే కూటమిని వదిలి అవతలికి వెళ్లడంతో తమిళనాడులో 39కి 39 కాంగ్రెస్ కూటమికే పడ్డాయి.

దేశం వెలిగిపోతోందంటూ వాజ్‌పేయి ప్రభుత్వం ఇచ్చిన ‘ఇండియా షైనింగ్’ ప్రకటనలే కొంప ముంచాయన్న మాట ఫలితం వచ్చాక అతికించిన వివరణ. అందులో కొంత నిజముంది. ప్రభుత్వ సొమ్ముతో ఇచ్చిన ఆ ప్రకటనలు కరువు జిల్లాల్లో వెక్కిరింపులా వినిపించాయి. అంతమాత్రాన ఓటమికి ఒక్క నినాదాన్ని కారణం చేయలేం.

సర్వేలన్నీ ఎందుకు తప్పాయి?

చాలా సర్వేలు ఎన్డీయే గెలుస్తుందన్నాయి లేదా మెజారిటీ దరిదాపుల్లో ఆపాయి. ఓట్ల శాతంలో చిన్న పొరపాటు కూడా సీట్లలోకి మార్చేటప్పుడు పెద్దదవుతుంది. రాష్ట్రానికో పొత్తు ఉన్నప్పుడు ఆ మార్పిడి ఇంకా దెబ్బతింటుంది. పైన చెప్పిన 38.56, 37.59 లెక్కే చూడండి. ఓటు శాతాన్ని సరిగ్గా పట్టుకున్న సర్వే కూడా పొత్తు కలపకపోతే ‘హోరాహోరీ’ అని రాసి ఉండేది.

ఓడినవాళ్లు ఎలా తీసుకున్నారు?

వాజ్‌పేయి రాజీనామా చేసిన రోజే టీవీలో, తమ కూటమి ఓడినా దేశం గెలిచిందని హుందాగా చెప్పి తప్పుకున్నారు. జూన్‌లో మనాలీలో, గుజరాత్ అల్లర్లు కూడా ఓటమికి కారణమని అన్నప్పుడు సొంత పార్టీలోనే దుమారం రేగింది. పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాక బీజేపీ ‘కళంకిత మంత్రుల’ (కేసులున్న మంత్రుల) పేరుతో సభను స్తంభింపజేసింది.

అందరికంటే వేగంగా కదిలింది తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న జయలలిత. ఆమె ప్రభుత్వానికి ఆ ఎన్నికతో సంబంధమే లేదు, పదవి ఎక్కడికీ పోలేదు. అయినా అన్ని స్థానాలూ పోయిన వారం తిరగకుండానే, మే 18న, మత మార్పిడి నిరోధక చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు, రైతులకు ఉచిత విద్యుత్తు పునరుద్ధరించారు, సమ్మె చేసిన ఉద్యోగుల మీద చర్యలు రద్దు చేశారు. జనం తీర్పు మీద నాయకులు రాసే వ్యాఖ్యల కన్నా ఇలాంటి ఉత్తర్వులే ఎక్కువ నమ్మదగ్గవి.

‘బయటి నుంచి మద్దతు’ అంటే ఏమిటి?

ప్రభుత్వంలో మంత్రి పదవులు తీసుకోకుండా సభలో ఓటు మాత్రం వేయడం. వామపక్షాలు ఆ దారి పట్టాయి, స్పీకరు పదవికి మాత్రం సోమనాథ్ ఛటర్జీ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2008లో అమెరికాతో అణు ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి.

తెలంగాణ విషయంలో అప్పుడు ఏం రాశారు?

కనీస ఉమ్మడి కార్యక్రమంలో ఒక వాక్యం ఉంది: తగిన సమయంలో, సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం సాధించాక తెలంగాణ డిమాండును పరిశీలిస్తామని. పరిశీలిస్తామన్నారే తప్ప ఇస్తామనలేదు. గడువు లేదు, ఏకాభిప్రాయమంటే ఎవరి మధ్యో చెప్పలేదు. తెరాస కార్యకర్తలు దీన్ని విజయంగా జరుపుకున్నారు, రాష్ట్రంలో వ్యతిరేకించేవాళ్లు అదే వాక్యాన్ని చూపించి ‘ఏమీ కాదులే’ అనుకున్నారు. ఒక్క వాక్యానికి రెండు సంబరాలు! కేసీఆర్ కేంద్ర మంత్రి అయ్యారు. నౌకాయాన శాఖను డీఎంకే కోరడంతో వదులుకుని కొన్నాళ్లు శాఖ లేకుండా ఉన్నారు. 2006లో బయటికి వచ్చేశారు.

పాత పేపర్లలో అంకెలు ఒకదానికొకటి కలవడం లేదు. ఏది నమ్మాలి?

ముందు తేదీ చూడండి. మే 14 సంచికలో ఉండేది 13న జరిగింది, అదీ ప్రింటింగ్ వేళకు తెలిసినంత వరకే. జిల్లా ఎడిషన్ ముందుగా అచ్చవుతుంది కాబట్టి నగర ఎడిషన్ కంటే సీట్లు తక్కువ చూపించవచ్చు. మొదటి రోజు 543 స్థానాల ఫలితాలూ రాలేదు. బిహార్‌లోని ఛప్రాలో ఎన్నిక రద్దయి మళ్లీ జరిగింది.

కూటముల మొత్తాలు పేపరుకో రకంగా ఉంటాయి. ఎన్నికల ముందు నుంచీ పొత్తున్నవాళ్లనే లెక్కించారా, తర్వాత చేరినవాళ్లను కలిపారా అన్నదే తేడా. పార్టీల వారీ సీట్లు తీసుకుని మీరే కూడుకోవడం మేలు. మార్కెట్ విషయంలో 842 అని ఒకచోట, 565 అని మరోచోట కనిపిస్తే రెండూ సరైనవే: మొదటిది ఆ రోజు తాకిన అట్టడుగు, రెండోది ముగింపు. అలాగే ‘సోనియా ప్రధాని’ అని మే 17, 18 తేదీల సంచికల్లో పెద్ద అక్షరాల్లో కనబడితే అచ్చు తప్పనుకోకండి, అచ్చయ్యేసరికి అందరికీ తెలిసిన సంగతి అదే.